ఈగిల్ ప్రాజెక్టుగా నడకదారి: మైలు వద్దు, మూడు వందల అడుగులు చాలు

మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, తేడా ఉంటే సరిదిద్దండి. డాలస్‌కు ఉత్తరాన మీ ఇంటి దగ్గర వాగు వెంబడి సిటీ పార్కు స్థలం ఖాళీగా ఉంది. మీ అబ్బాయికి పదిహేడు నిండాయి, స్కౌటింగ్‌లో అన్నిటికంటే పైదైన ఈగిల్‌కు ఒక మెట్టు కింద, లైఫ్ ర్యాంకులో ఉన్నాడు. అతనూ, అదే ట్రూపులోని (స్కౌట్ల స్థానిక జట్టు) మరో ఇద్దరు తెలుగు పిల్లలూ కలిసి అక్కడ మైలు పొడవున నడకదారి వేసి, ముగ్గురూ దాన్నే ఈగిల్ ప్రాజెక్టుగా చూపించవచ్చా? ఖర్చెంత? కంకర పని కాంట్రాక్టరుకు అప్పగించవచ్చా? చివర పిల్లల పేర్లతో బోర్డు పెట్టవచ్చా?

నేను వృత్తిరీత్యా సివిల్ ఇంజనీరును. ఇక్కడి ఒక ట్రూపులో చాలా ఏళ్లుగా ఈగిల్ ప్రాజెక్టులకు కోచ్‌గా ఉన్నాను. మా పిల్లలిద్దరూ ఈగిల్ అయ్యారు. కాబట్టి స్కౌట్ల నియమాలూ, మట్టి సంగతులూ రెండూ చెబుతాను.

ముగ్గురికీ కలిపి ఒకే ప్రాజెక్టు అంటే కుదరదు. మైలు దూరం అసలే కుదరదు. మూడు వేర్వేరు ముక్కలుగా, ఒక్కొక్కటి మూడు వందల అడుగుల చొప్పున అంటే నిక్షేపంగా కుదురుతుంది.

నియమం ఏమిటంటే, లైఫ్ స్కౌటుగా ఉన్న కాలంలో ఒక మత సంస్థకో, బడికో, ఊరికో పనికొచ్చే పనిని ఆ పిల్లవాడే ఆలోచించి, ప్రణాళిక వేసి, ఇతరులను నడిపించి చేయించాలి. 1965 నుంచి ఈగిల్‌కు ఈ సేవా ప్రాజెక్టు తప్పనిసరి. దాని ఫలం స్కౌటింగ్ అమెరికాకు (2025 ఫిబ్రవరి దాకా దాని పేరు బాయ్ స్కౌట్స్ ఆఫ్ అమెరికా) చేరకూడదు, ఏ వ్యాపారానికీ చేరకూడదు. ఒకే పనికి ఇద్దరికి ఈగిల్ ఇవ్వరు. అయితే పెద్ద పనిలోని విడి భాగాలను వేర్వేరు పిల్లలు వేర్వేరు ప్రతిపాదనలతో చేయవచ్చు. అమెరికా పార్కుల్లో స్కౌట్లు వేసిన బాటలు చాలావరకు అలా పుట్టినవే. ఒకడు మొదటి ముక్క వేస్తాడు, రెండేళ్లకు ఇంకొకడు వాగు మీద చిన్న చెక్క వంతెన కడతాడు, మరొకడు బెంచీలు, దిక్కు చూపే స్తంభాలు పెడతాడు. 2019 నుంచి అమ్మాయిల ట్రూపులు కూడా ఉన్నాయి కాబట్టి మీ వీధిలోని ఆడపిల్లలూ ఇందులో చేరవచ్చు. మీ ముగ్గురు పిల్లలూ చేయాల్సింది కూడా ఇదే: పార్కు శాఖ వాళ్ల దగ్గర మొత్తం దారికి ఒక పటం ఉండాలి, అందులో ఒక్కొక్కరు ఒక ముక్కకు పూచీ పడాలి. ఒకరి ముక్క ఆగిపోయినా మిగతా రెండూ పనికొచ్చేలా విడగొట్టాలి. వాగు దాటే వంతెనను మొదటివాడు కట్టకపోతే రెండోవాడి బాట అటు గట్టున ఒంటరిగా మిగిలిపోతుంది. ఈ సంగతి పటం మీదే చూసుకోండి.

మైలు ఎందుకు వద్దంటున్నానో లెక్క వేసి చూపిస్తాను. నాలుగు అడుగుల వెడల్పు, నాలుగు అంగుళాల మందాన కంకర పొడి పరిస్తే మైలుకు, అంటే 5,280 అడుగులకు, 7,040 ఘనపుటడుగులు కావాలి. అది దాదాపు 260 ఘనపు గజాలు, బరువులో 350 టన్నుల పైమాటే. పదమూడేళ్ల పిల్లవాడు వీల్‌బారోలో రెండు ఘనపుటడుగులకు మించి తోయలేడు, ఎందుకంటే అదే సుమారు రెండు వందల పౌండ్లు. అంటే 3,520 సార్లు బండి తోయాలి. అదే మూడు వందల అడుగులకైతే 400 ఘనపుటడుగులు, దాదాపు 15 ఘనపు గజాలు, రెండు వందల బండ్లు. దిమ్మిస కొట్టాక పొర అణుగుతుంది కాబట్టి ఐదో వంతు ఎక్కువ తెప్పించుకోండి. పాతికమంది పిల్లలు, పది బండ్లు ఉంటే రెండు శనివారాల్లో తేలిపోతుంది. పార్కులోకి లారీ ఎంతవరకు వస్తుందో ముందే చూడండి. కంకర కుప్ప పోసిన చోటికీ, బాట చివరికీ మధ్య ఉన్న దూరమే ఆ రోజు పిల్లల ఓపికను నిర్ణయిస్తుంది. వీలైతే రెండు చోట్ల కుప్పలు పోయించండి.

పిల్లల చేతుల మీద మైళ్ల దారి అసాధ్యమేమీ కాదు. వెస్ట్ వర్జీనియాలోని న్యూ రివర్ గార్జ్‌లో ఆరోహెడ్ ట్రెయిల్స్ అని 12.8 మైళ్ల బాటలున్నాయి. 2011లో వెయ్యిమందికి పైగా స్కౌట్లు వెళ్లి వాటిని వేశారు. నేషనల్ పార్క్ సర్వీసు చరిత్రలోనే పెద్ద యువజన సేవా ప్రాజెక్టుల్లో అదొకటి. క్లోవిస్, అడీనా, డాల్టన్, లెక్రోయ్ అని నాలుగు చుట్లు, పేర్లన్నీ ప్రాచీన బాణపు మొనల రకాలవి. లెక్క చూస్తే మైలుకు దాదాపు ఎనభై మంది పనిచేశారు, వెనక పార్క్ సర్వీసు యంత్రాంగం ఉంది. మీ అబ్బాయి వెనక ఉండేది ఒక ట్రూపు, కొందరు క్లాస్‌మేట్లు, వాట్సాప్ గ్రూపులో సరేనన్న అంకుల్స్.

ఇక గడువు. ప్రాజెక్టు, 21 మెరిట్ బ్యాడ్జీలు (ఒక్కో విషయం నేర్చుకున్నందుకు ఇచ్చే గుర్తులు), తక్కిన షరతులన్నీ పద్దెనిమిదో పుట్టినరోజు లోపే పూర్తి కావాలి. బోర్డ్ ఆఫ్ రివ్యూ, అంటే పెద్దలు కూర్చుని పిల్లవాడితో మాట్లాడి తేల్చే చివరి సమావేశం, ఒక్కటే ఆ తర్వాత జరగవచ్చు. పని మొదలుపెట్టేముందు ఈగిల్ ప్రాజెక్టు వర్క్‌బుక్‌లోని ప్రతిపాదన మీద నాలుగు సంతకాలు కావాలి: స్థలం ఇచ్చే సంస్థ, స్కౌట్‌మాస్టర్, ట్రూప్ కమిటీ, చివరగా స్కౌటింగ్ ప్రాంతీయ శాఖలైన కౌన్సిల్ లేదా డిస్ట్రిక్ట్. ఇందులో నెలలు తినేది మొదటిదే. సిటీ స్థలమైతే పార్కు శాఖ మాత్రమే కాదు, వాగు పక్కన కాబట్టి వరద మైదానం చూసే విభాగం కూడా అడ్డు చెప్పవచ్చు. వరద మైదానంలో మట్టి పోసి నేల ఎత్తు పెంచడానికి వాళ్లు సులభంగా ఒప్పుకోరు, అది సబబే. మీ అబ్బాయి ఈ వారంలోనే పార్కు శాఖకు ఫోను చేయాలి. మీరు కాదు, అతనే. మొదటి మాటగా ‘నాకు ఇక్కడ ట్రెయిల్ వేయాలనుంది’ అనకుండా, ‘స్కౌట్లు చేయదగ్గ పనుల జాబితా మీ దగ్గర ఉందా, నడకదారుల పటంలో ఇంకా వేయని ముక్కలేమైనా ఉన్నాయా’ అని అడగమనండి. చాలా నగరాల దగ్గర అలాంటి జాబితా ఉంటుంది. అందులో ఉన్నదైతే అనుమతి తొందరగా వస్తుంది, రేపు గడ్డి కోసే బాధ్యతా వాళ్లదే అవుతుంది. అనుమతి నిజంగా ఆలస్యమయ్యేలా ఉంటే, గుడి వెనక స్థలం మంచి ప్రత్యామ్నాయం, గుడికి చేయడం నియమాల ప్రకారం చెల్లుతుంది. కానీ గుడి వెనక ఉన్నది వాననీటి చెరువు గట్టు అయితే దాన్ని ముట్టుకునేముందు మళ్లీ సిటీనే అడగాలి.

ఇప్పుడు నేల సంగతి, నాకు ఇష్టమైన భాగం. మీరు ఉంటున్నది బ్లాక్‌లాండ్ ప్రెయిరీ అనే నల్లమట్టి మైదానం మీద. అక్కడి మట్టి మనకు కొత్త కాదు, మన నల్లరేగడికి దగ్గరి చుట్టం. శాస్త్రం ప్రకారం రెండూ ఒకే వర్గం, వర్టిసాల్స్. టెక్సస్ రాష్ట్ర మృత్తికగా చెప్పుకునే హ్యూస్టన్ బ్లాక్ కూడా ఈ జాతిదే. గుంటూరు, కర్నూలు వైపు పొలం గట్లు తెలిసినవారికి చెప్పక్కర్లేదు: ఎండకు నెర్రెలు బారుతుంది, వానకు ఉబ్బి జిగురవుతుంది. ఈ మట్టి మీద నేరుగా కంకర పోస్తే రెండు వానాకాలాల్లో సగం లోపలికి దిగిపోతుంది, నెర్రెల్లో మిగతాది జారుతుంది. అందుకే కిందికి నాలుగైదు అంగుళాలు తవ్వి, అడుగున జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, దాని మీద కంకర వేయాలి. దుకాణాల్లో కలుపు రాకుండా అమ్మే పల్చటి నల్లగుడ్డ కాదు, రోడ్ల కింద వేసే రకం అడగండి. కంకరలో గుండ్రటి గులకరాళ్లు వద్దు, అవి కాలి కింద దొర్లుతాయి, వీల్‌చైరు చక్రం కూరుకుపోతుంది. 3/8 అంగుళం నుంచి పిండి దాకా అన్ని సైజులూ కలిసిన క్రషర్ పొడి కావాలి. దాన్ని తడిపి, రెండు అంగుళాల పొరలుగా వేసి, ఒక్కొక్క పొరకూ దిమ్మిస కొట్టాలి. నాలుగు అంగుళాలూ ఒకేసారి పోసి పైపైన కొడితే పై పెంకు మాత్రం గట్టిపడి లోపల వదులుగా ఉండిపోతుంది. సరిగా కుదిరిందో లేదో తెలుసుకోవడం తేలిక: బూటు మడమతో గట్టిగా తిప్పి నొక్కండి. గుర్తు పడిందా, ఇంకా కొట్టాలి.

బాటకు అసలు శత్రువు నీరు. దారి గీసేముందు మీ అబ్బాయిని మంచి వాన పడుతున్నప్పుడు గొడుగేసుకుని అక్కడికి వెళ్లి నిలబడమనండి. నీరు ఎటు నుంచి వస్తోంది, ఎక్కడ నిలుస్తోంది అన్నది ఏ పటమూ అంత స్పష్టంగా చూపించదు. ఆ గుర్తులతో చిన్న జెండాలు పాతి, వాటి వెంట దారి గీయాలి. నీరు బాటను అడ్డంగా దాటిపోవాలి, బాట వెంట పరుగెత్తకూడదు. వాలు మీద బాట వేసేవాళ్లు పాటించే సూత్రం ఒకటుంది: బాట ఎక్కే వాలు, పక్క నేల వాలులో సగానికి మించకూడదు. మించితే నీరు పక్కకు దిగే బదులు బాటనే పట్టుకుంటుంది. పక్క నేల ఆరు శాతం వాలితే బాట మూడు శాతం దాటకూడదన్నమాట. మీ దగ్గర నేల దాదాపు సమతలం కాబట్టి, బాటకు అడ్డంగా వాగు వైపు కొద్దిగా, రెండు మూడు శాతం వాలు ఇస్తే చాలు. నాలుగు అడుగుల వెడల్పుకు అది అంగుళం నుంచి అంగుళంన్నర.

ఇక్కడే స్కౌట్ల బాటల్లో నాకు అస్సలు నచ్చనిది ఒకటి చెబుతాను. రెండు వైపులా చెక్క దుంగలు వరసగా పెట్టి ఇనుప కడ్డీలు దిగ్గొడతారు. ఫొటోలో ముచ్చటగా ఉంటుంది. మొదటి పెద్ద వానకు బాట కాలువవుతుంది, ఎందుకంటే దిగువ వైపు దుంగ నీటిని బయటికి పోనివ్వదు. మూడేళ్లకు దుంగలు పుచ్చి, కడ్డీలు పైకి లేచి, పరుగెత్తే పిల్లల కాళ్లకు తగులుతాయి. పార్కు వాళ్లు అంచు కావాలని పట్టుబడితే ఎగువ వైపు మాత్రమే పెట్టండి, లేదా దిగువ వైపు ప్రతి ఎనిమిది అడుగులకు ఒక ఖాళీ వదలండి.

వీల్‌చైరుకు పనికొచ్చేలా వేయగలిగితే వేయండి. ఫెడరల్ భూముల్లో బాటలకున్న ప్రమాణాన్నే చాలా నగరాలు చూస్తాయి: కనీస వెడల్పు 36 అంగుళాలు, వాలు 5 శాతం లోపు ఎంత దూరమైనా ఉండవచ్చు, 8.33 శాతం దాకా అయితే 200 అడుగులకు మించరాదు. మీ నేల మీద ఇది కష్టం కాదు. అమ్మమ్మలూ తాతయ్యలూ వేసవికి వచ్చినప్పుడు ఆ బాట వాడేది ఎక్కువగా వాళ్లే.

తవ్వేముందు, నేల కింద పైపులూ తీగలూ ఎక్కడున్నాయో చూపించే 811 సేవకు ఫోను చేయండి. టెక్సస్‌లో కనీసం రెండు పనిదినాల ముందు. ఉచితమే. వాళ్లు వచ్చి నేల మీద రంగులు పూస్తారు: పసుపు గ్యాసు, ఎరుపు కరెంటు, నీలం తాగునీరు, ఆకుపచ్చ మురుగు, నారింజ ఫోను, ఇంటర్నెట్ తీగలు. ఒక్క మెలిక: పార్కు సొంత స్ప్రింక్లర్ పైపులు, దీపాల తీగలు వాళ్లు గుర్తించరు. వాటిని పార్కు శాఖే వచ్చి చూపించాలి. ఈ ఏర్పాటు ప్రతిపాదనలో రాస్తే కౌన్సిల్‌లో చదివేవారికి పిల్లవాడి మీద గురి కుదురుతుంది.

చెట్ల విషయంలో రెండు జాగ్రత్తలు. ఓక్ కొమ్మలను ఫిబ్రవరి నుంచి జూన్ దాకా కొట్టకండి. ఓక్ విల్ట్ అనే బూజు తెగులును పురుగులు తాజా గాయాల మీదికి మోసుకొచ్చే కాలమది. మిగతా నెలల్లో కొట్టినా, గాయానికి వెంటనే రంగు పూయాలి. రెండోది పాయిజన్ ఐవీ. మూడేసి ఆకుల తీగ, వాగు ఒడ్డున లేకుండా ఉండదు. మనవాళ్లకు సులభంగా అర్థమయ్యే మాట చెప్పనా? అది మామిడి, జీడిమామిడి, నల్లజీడి కుటుంబానిదే. చాకలివాళ్లు బట్టలకు గుర్తులు పెట్టే నల్లజీడి రసం ఒంటికి తగిలితే బొబ్బలెక్కడం ఊళ్లో పెద్దలు చూసే ఉంటారు, ఇదీ అలాంటి రసమే. కొందరికి మామిడి సొన పడకపోవడానికి కారణమూ అదే జాతి పదార్థం. పొడుగు చేతుల చొక్కాలు, చేతి తొడుగులు తప్పనిసరి. పీకిన తీగలను కాల్చకూడదు, పొగ ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. తీగ తగిలిన గొడ్డలి పిడి, బూట్ల తాళ్ల మీద కూడా ఆ నూనె నిలిచి ఉంటుంది కాబట్టి పని అయ్యాక పనిముట్లనూ సబ్బుతో కడగాలి.

పనిముట్ల సంగతికొస్తే, వేర్లు నరకడానికి ఒకవైపు గొడ్డలి, మరోవైపు తవ్వే అంచు ఉండే పులాస్కీ, మట్టి చదును చేయడానికి ఒకవైపు దంతె, మరోవైపు వెడల్పు అంచు ఉండే మెక్‌లౌడ్ చాలా ఉపయోగం. రెండూ ఒకటో రెండో దొరికితే చాలు, తక్కినవన్నీ మామూలు పారలే. చైన్‌సా, తవ్వే యంత్రాలు పద్దెనిమిది నిండినవారు మాత్రమే నడపాలి. వేరే యంత్రాలకు వయసుల పట్టిక ఉంది, ముందే చూసుకోండి. పని జరిగే చోట ఇరవై ఒకటి దాటిన, నమోదైన పెద్దలు ఇద్దరు తప్పక ఉండాలి.

కాంట్రాక్టరు గురించి అడిగారు. నిపుణుల సాయం తప్పు కాదు. బండరాయి తీయడానికో, ఎత్తుపల్లాల కొలతలకో పెద్దవాళ్లు యంత్రంతో వచ్చి పోవచ్చు. కానీ కంకర మొత్తం కాంట్రాక్టరు పరిచి, పిల్లలు చివర్లో రిబ్బను కడితే అందులో మీ అబ్బాయి ఎవరిని నడిపించినట్టు? బోర్డ్ ఆఫ్ రివ్యూలో బాట ఎంత పొడవో అడగరు. ఎనిమిదింటికి రావాల్సిన లారీ పదింటికి వస్తే ఆ రెండు గంటలూ పాతికమందిని ఏం చేశావని అడుగుతారు. గంటలకు కనిష్ఠ పరిమితి కూడా లేదు. వర్క్‌బుక్‌లో గంటలు రాయమనేది గణాంకాల కోసమే. మా వాడు ఇన్ని వందల గంటలు చేశాడని మనలో మనం పోటీ పడటమే తప్ప అక్కడ దానికి విలువ లేదు.

తండ్రిగా మీకు కష్టమైన భాగం ఇదే. పని రోజున మీ చేతిలో పార ఉండవచ్చు, నోట్లో ఆజ్ఞ ఉండకూడదు. నేను చూసిన ఒక శనివారం చెబుతాను. ఒక పిల్లవాడు దిమ్మిస జట్టును ఎండలో, బండ్లు తోసే జట్టును నీడ వైపు పెట్టాడు. గంటలో దిమ్మిస కొట్టేవాళ్లు చతికిలబడ్డారు. తండ్రి రెండడుగులు ముందుకేసి, ఆగి, మంచినీళ్ల డబ్బాలు సర్దడానికి వెళ్లిపోయాడు. కాసేపటికి పిల్లవాడే ఈల వేసి, ఇరవై నిమిషాలకోసారి జట్లు మారాలని చెప్పి, ఫోనులో అలారం పెట్టుకున్నాడు. బోర్డ్ ఆఫ్ రివ్యూలో ఆ అబ్బాయి ఎక్కువసేపు మాట్లాడింది దాని గురించే. తండ్రి అరిచి ఉంటే చెప్పడానికి అతని దగ్గర ఏమీ ఉండేది కాదు. పిల్లల పనిని చేతుల్లోంచి లాక్కుని చక్కగా చేసిపెట్టడం మనకు అలవాటైన ప్రేమ. ఇక్కడ అది పనికిరాదు.

ఖర్చు. కచ్చితమైన అంకె చెప్పను, క్వారీ దూరాన్ని బట్టి మారుతుంది. కంకర ధరతో దాదాపు సమానంగా లారీ కిరాయి ఉంటుందని మాత్రం గుర్తుంచుకోండి. అందుకే రెండు మూడు చోట్ల ‘ఇంటికి చేర్చిన ధర’ అడగాలి. క్వారీలు స్కౌట్లకు తరచు తగ్గిస్తాయి, పిల్లవాడే యూనిఫాంలో వెళ్లి అడిగితే ఇంకాస్త తగ్గిస్తాయి. డబ్బు మీ కుటుంబం, బంధువులు, ట్రూపు, దాన్ని నడిపే సంస్థ, లేదా పార్కు శాఖ ఇస్తే ప్రత్యేక పత్రం అక్కర్లేదు. ఆ పరిధి దాటి కాలనీలో సేకరించాలంటే వర్క్‌బుక్‌లోని నిధుల సేకరణ దరఖాస్తుకు ముందే ఆమోదం తీసుకోవాలి. మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక్క సందేశానికి గంటలో డబ్బు పడిపోతుంది కాబట్టి ఆ సందేశం పంపకముందే ఈ పని చూసుకోండి. ఇచ్చేవాళ్లకు ఆ డబ్బు పార్కు కోసమని తెలియాలి. మిగిలినదీ పార్కు శాఖకే చేరాలి, పిజ్జా పార్టీకి కాదు.

పేర్ల బోర్డు విషయం పూర్తిగా సిటీ ఇష్టం. కొన్ని నగరాలు చిన్న లోహపు రేకుకు ఒప్పుకుంటాయి, కొన్ని అసలు ఒప్పుకోవు. ప్రతిపాదన దశలోనే అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. పెట్టనిస్తే పిల్లవాడి పేరు, ట్రూపు సంఖ్య, ఏడాది చాలు, అమ్మానాన్నల పేర్లు వద్దు. నాలుగు అంగుళాల చదరపు స్తంభమైతే మూడో వంతు నేలలో ఉండాలి. మీ నల్లమట్టి ఉబ్బినప్పుడు పైకి నెట్టేస్తుంది కాబట్టి గుంత అడుగున కంకర వేసి, కాంక్రీటు పైభాగాన్ని నీరు జారేలా వాలుగా తీర్చండి.